నేల తగలకూడని కారు

నా మొదటి ఉద్యోగం రెండేళ్ళ మూడు నెలలు సాగింది. ఇరవై ఏడేళ్ళకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మీరు నవ్వుకోవచ్చు. ముప్ఫై ఐదేళ్ళు సర్వీసు చేసి రిటైరైనవాళ్ళు రాసుకున్నవి నేను చాలా చదివాను. వాటిలో రాసినాయన ఎప్పుడూ ముందే హెచ్చరిస్తాడు, పైవాళ్ళు వినరు, చివరికి ఆయన మాటే నిజమవుతుంది. నేను చెప్పబోయేదాంట్లోనూ ముందే హెచ్చరించిన మనిషి ఒకాయన ఉన్నాడు. అది నేను కాదు. ఆ హెచ్చరికను కాగితం మీద లేకుండా చేసిన మనిషిని నేను.

డిగ్రీ చేతికి రాగానే ఏదో ఒక షాపులోనో షెడ్డులోనో కంప్యూటరు ముందు కూర్చోబోయే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా, నాలాగా నోరు విప్పడానికి భయపడి ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకునేవాళ్ళ కోసం.

మా షెడ్డు తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద ఉంది. గుద్దుకున్న కార్లకు రేకు సరిచేసి రంగు వేసే షెడ్డు. బోర్డు మీద చాలాకాలం డెంటింగ్, పెయింటింగ్ అనే ఉండేది. మా యజమాని ఫోనులో విదేశీ వీడియోలు చూసి చూసి, ఆ బోర్డు తీయించి, వింటేజ్ రిస్టోరేషన్ స్టూడియో అని పెట్టించాడు. మొదటి వారంలో ముగ్గురు పాస్‌పోర్టు సైజు ఫొటోలు దిగడానికి వచ్చారు. పాత కారు ఒక్కటీ రాలేదు.

నా పని చీటీలు రాయడం. విప్పిన ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టాలి, ఫొటో తీయాలి, సాయంత్రం మేస్త్రి చెప్పినదంతా పని పుస్తకంలో రాయాలి. మనుషులతో పెద్దగా మాట్లాడక్కర్లేదు అన్నారు కాబట్టే చేరాను. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక అరగంట సొరుగులో పుస్తకం పెట్టుకుని చదువుకోవచ్చు. నన్నెవరూ పట్టించుకోని ఉద్యోగం అంతకంటే మంచిది దొరకదనుకున్నాను.

మేస్త్రికి అరవై దాటాయి. చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. సంతకం చేస్తాడు, ప్రతి ఆదివారం చర్చిలో వినే వాక్యాలు అధ్యాయాలకు అధ్యాయాలు కంఠతా చెబుతాడు, అంతే. రేకును వేలి కణుపుతో కొట్టి ఎంత మందమో, లోపల తుప్పు ఎక్కడ మొదలైందో చెప్పగలడు. సొట్టను లప్పంతో పూడ్చడమంటే ఆయనకు అసహ్యం. మా యజమానికి లప్పమంటే ప్రాణం. ఏ గుంట చూసినా ఆయన చెయ్యి లప్పం డబ్బా వైపే వెళ్ళేది. పైన రంగు పడ్డాక లోపల ఏముందో దేవుడికి తప్ప తెలియదని ధీమా.

చివరికి ఒక కారు దొరికింది. ఊళ్ళో బియ్యం మిల్లు ఉన్న షావుకారు గారిది. వినగడప వైపు వాళ్ళ మామిడితోట పాకలో ఏళ్ళ తరబడి పడి ఉంటే ట్రాక్టరు ట్రక్కు మీద వేసుకొచ్చారు. అరవై ఏళ్ళ పైబడిన విదేశీ కారు అన్నారు కానీ, ముందు సగం మాత్రమే విదేశీ. షావుకారు గారి తాత తన కొడుకు పెళ్ళి ఊరేగింపు కోసం దాని టాపు కోయించేసి, వెనక భాగాన్ని ఊళ్ళో వడ్రంగి చేత, రేకుల పనివాడి చేత పొడిగించి, ఇంకో వరస సీటు వేయించాడట. వెనక రెండు వైపులా నెమలి పింఛంలా విచ్చుకున్న రేకులు. అలాంటి కారు లోకంలో మరొకటి లేదని షావుకారు గారు గర్వంగా చెప్పేవారు. లేకపోవడం లోకం చేసుకున్న అదృష్టమని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఆ కారులో పెళ్ళికొడుకుగా ఊరేగినాయనే ఇప్పుడు ఇంటి పెద్దాయన, షావుకారు గారి తండ్రి. ఆయన సహస్ర చంద్ర దర్శనానికి మళ్ళీ ఆ కారులోనే ఊరేగించాలని కొడుకు ముచ్చట. పెద్దాయనకు అలాంటి ముచ్చట ఉందా అని ఎవరూ అడిగినట్టు లేదు.

ముచ్చట మా మేస్త్రికి ఉంది. షావుకారు గారు ఊరి బయట ఉన్న ప్రైవేటు ఐటీఐ కమిటీలో మెంబరు. అక్కడ రేకు పని నేర్పే మనిషి కావాలి. ఈ కారు చక్కగా వస్తే నిన్నే తీసుకుంటామని ఆయన మా షెడ్డులో అందరి ముందూ మాట ఇచ్చారు. మేస్త్రికి అప్పటికే మోకాళ్ళు అరిగిపోయాయి. కారు కింద పడుకుంటే లేవడానికి ఇద్దరు చెయ్యి అందించాలి. ఇంకో ఏడాది ఆ పని చేయలేనని ఆయనకు తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. నిలబడి చెప్పే పని అమ్మాయ్, పడుకుని చేసేది కాదు, అని ఐటీఐ గురించి నాతో చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా ఆయన గొంతు చర్చిలో మాట్లాడుతున్నట్టుండేది.

కారు రేకులో మూడొంతులు తుప్పు. బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. అదే రకం కార్ల ముక్కల కోసం రెండు నెలలు తిరిగారు. బానెట్టు రెడ్డిగూడెం దగ్గర ఒక తోటలో దొరికింది. అక్కడ అది గేదెల కుడితి తొట్టికి మూత. ఎడమ వైపు ముందు డోరు ఇంకో తోటలో మోటారు కొట్టానికి తలుపై నిలబడి ఉంది, గొళ్ళెం సహా. మిగతా డోర్లూ మడ్‌గార్డులూ విజయవాడలో పాత ఇనుము కొట్ల నుంచి తెచ్చారు. మేస్త్రి ఒక్కోదాన్నీ కొట్టి, విని, కొన్నిటిని తీసుకుని, కొన్నిటిని వద్దన్నాడు. నేను పద్ధతిగా చీటీలు కట్టాను. బానెట్టు చీటీ మీద, ‘కుడితి తొట్టి మూత, రెడ్డిగూడెం’ అని రాశాను. యజమాని అది చూసి గగ్గోలు పెట్టాడు. ఆ ముక్కలు సముద్రం దాటి వచ్చాయని ఆయన అప్పటికే వీడియోలో చెప్పేశాడట. చీటీ తీసేయమన్నాడు. తీసేశాను. మొదటిసారి తీసేయడం చాలా తేలిక. రెండోసారి ఇంకా తేలిక.

ఇప్పుడు రేకు పని గురించి కొంచెం చెప్పక తప్పదు. కారు డోర్ల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా గడపలా పొడవుగా ఒక రేకు పెట్టె ఉంటుంది. మా షెడ్డులో దాన్ని గడప అనే అనేవాళ్ళం. టాపు ఉన్న కారులో బరువు టాపూ గడపా కలిసి మోస్తాయి. టాపు కోసేసిన కారులో గడప ఒక్కటే దిక్కు. మా కారుకు రెండు గడపలూ తుప్పుపట్టి పోయాయి. కొత్తవి అతకాలి. అదే సమయంలో చక్రాలూ ఇరుసులూ రంగు కోసం విప్పేశారు కాబట్టి, కారుని నాలుగు ఇనుప స్టాండ్ల మీద, నడుం భాగం ఆనేలా నిలబెట్టారు. నడుం కింద ఆసరా ఉంటే కారు రెండు చివరలూ కొద్దిగా వాలతాయి. కంటికి కనిపించనంత. చక్రాల మీద నిలబడితే దానికి తలకిందులు. చివరలు నిలిచి నడుం కుంగుతుంది. అందుకే గడప పూర్తిగా అతికే ముందు కారుని ఒకసారి చక్రాల మీదకు దింపి చూసుకోవాలి.

మేస్త్రి ఆ మాటే యజమానితో అన్నాడు. నేను పక్కనే బోల్టులు కవర్లలో వేస్తున్నాను.

“ఒక్క పూట దింపనివ్వండి సార్. చక్రాలు బిగిచ్చి, సీట్లలో బియ్యం బస్తాలేసి, అప్పుడు డోర్లు చూసి గడప అతుకుతా. టాపు లేని బండి. నడుం కుంగుద్ది.”

అది కుదరదన్నాడు యజమాని. షావుకారు గారింటి పంతులు గారు ముహూర్తం పెట్టారట. ఆ ఘడియ వచ్చేదాకా చక్రాలు నేలకు తగలకూడదట. మేస్త్రి ఇంకోసారి అడిగాడు. ఎవరూ చూడకుండా ఒక్క గంట దింపి మళ్ళీ ఎత్తేస్తానన్నాడు.

“మేస్త్రీ, ముహూర్తాల సంగతి మీకు తెలీదులే. మీ పని మీరు చూసుకోండి.”

ఆ ‘మీకు’ ఎవరి గురించో షెడ్డులో అందరికీ అర్థమైంది. ఆ మాట తర్వాత మేస్త్రి ఇంకేం మాట్లాడినా పక్కవాళ్ళ దేవుణ్ణి కాదన్నట్టే అవుతుంది. ఆయన సుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పి రాయించాడు. కారుని చక్రాల మీద నిలబెట్టి బరువు వేసి చూడకుండా గడప అతికితే డోర్లు పట్టేస్తాయి, ఈ సంగతి యజమానికి చెప్పాను, వద్దన్నారు. నేను రాశాను. ఆయన దాని పక్కన సంతకం పెట్టాడు.

వారం తర్వాత యజమాని ఆ పని పుస్తకం ఆధారంగా ఒక ఆల్బమ్ తయారు చేయమన్నాడు. ఊరేగింపు రోజు షావుకారు గారికి బహుమతిగా ఇస్తాడట. పేజీకో ఫొటో, కింద రెండు వాక్యాలు. పని పుస్తకం నా పక్కన కూర్చుని తిరగేశాడు. మేస్త్రి సంతకం ఉన్న పేజీ దగ్గర ఆగి, గోరుతో గీసి చూపించి, ఇలాంటి నెగెటివ్‌వి వద్దమ్మా, వేడుక కదా, అన్నాడు. సరేనండి అన్నాను. ఆయన వెళ్ళాక పని పుస్తకంలో ఆ వాక్యం కిందనే చిన్న అక్షరాలతో, ‘ఇది సార్ చదివారు. ఆల్బమ్‌లో వద్దన్నారు. రాయలేదు’ అని రాసుకున్నాను. ఏదైనా చేయలేకపోయినప్పుడు రాసుకోవడం నా జబ్బు. రాస్తే చేసినంత తృప్తి కలుగుతుంది. ఆ తృప్తితోనే ఇంటికెళ్ళి అన్నం తిని హాయిగా నిద్రపోయాను.

గడపలు అతికారు. డోర్లు స్టాండ్ల మీద ఉండగా బిగించారు. సందులు సమంగా వచ్చాయి. ఒకటి రెండు చోట్ల తేడా వస్తే యజమాని తనకిష్టమైన లప్పంతో తానే సరిచేశాడు. మెరూన్ రంగు వేశారు. కుడితి తొట్టి మూతలో మనిషి ముఖం కనిపించేంత నిగనిగ. విజయవాడ నుంచి మెకానిక్ వచ్చి ఇంజను నడిచేలా చేసి వెళ్ళాడు. చక్రాలు బిగించారు కానీ అవి నేలకు జానెడు ఎత్తున గాలిలోనే ఉన్నాయి.

ఊరేగింపు రోజు ఉదయం పదింటికల్లా షెడ్డు ముందు జనం. నాదస్వరం వాళ్ళు, మిల్లు గుమస్తాలు, చుట్టాలు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. యజమాని షేర్వాణీ వేసుకుని, ఫోనుకి కర్ర తగిలించుకుని, తనే పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. కుటుంబం కారులో కూర్చుని ఉండగానే కారు కిందకు దిగాలని, మొదటి స్పర్శ వీడియోలో పడాలని ఆయన ఏర్పాటు. స్టీరింగు ముందు మిల్లు డ్రైవరు కూర్చున్నాడు. స్టూలు వేసి పెద్దాయనను ఎక్కించారు. పక్కన షావుకారు గారు, వెనక సీటులో ఆయన భార్య, ఇద్దరు మనవరాళ్ళు. కుటుంబమంతా పట్టుబట్టల్లో. డోర్లు నాలుగూ మెత్తగా, తియ్యగా మూసుకున్నాయి. నేను ఆల్బమ్ ఉన్న వెండి పళ్ళెం పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను.

స్టాండ్లు తీసి జాకీలు దించారు. నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కింద ఎక్కడో ఇనుము మూలిగినట్టు చప్పుడైంది. కుడి వైపు డోరు అంచున లప్పం సన్నగా చీలి, అరచేతిలో సగం ఉండే మెరూన్ పెచ్చు రాలి కింద పడింది. మేస్త్రి దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు.

మనవరాలు ఒకామె ఫొటో కోసం దిగబోయింది. డోరు రాలేదు. రెండో వైపు చూశారు. అదీ రాలేదు. ముందువి రెండూ అంతే. లోపలివాళ్ళు తోశారు, బయటివాళ్ళు లాగారు. టాపు లేని కారు కాబట్టి ప్రమాదమేమీ లేదు. డోరు మీద నుంచి దూకి రావచ్చు, పట్టుచీర మోకాళ్ళ దాకా ఎత్తుకోగలిగితే. జనంలో ఎవరో నవ్వారు. షావుకారు గారి ముఖం కారు రంగుకు తిరిగింది.

యజమాని ఫోను దించకుండానే, రేకు పని అంతా మేస్త్రిదేనండీ, నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, అన్నాడు. షావుకారు గారు కూర్చున్న చోటి నుంచే మేస్త్రిని పైకీ కిందకీ చూశారు.

“ఈ చేతులతోనేనా మా పిల్లలకి పని నేర్పుతానంటావ్?”

మేస్త్రి కారు దగ్గరకు వచ్చాడు. నడుం కింద జాకీ పెట్టి కొంచెం ఎత్తితే డోర్లు వస్తాయని చెప్పాడు. పెద్దాయన తల తిప్పి, ఎత్తితే వస్తాయని నీకెలా తెలుసు, ఇలా అవుతుందని ముందే తెలుసా, అని అడిగారు.

“తెలుసండి. చెప్పానండి.”

“ఎవరికి చెప్పావ్?”

మేస్త్రి యజమాని పేరు చెప్పలేదు. అన్నం పెట్టిన షెడ్డు అనే పిచ్చి గౌరవం ఆయనకి. యజమానికి అలాంటివేమీ లేవు. నాకెవరూ చెప్పలేదండీ, చెప్పి ఉంటే రాసి ఉంటుందిగా, ప్రతిదీ రాసే పిల్ల ఉంది, అదిగో ఆల్బమ్ కూడా ఉంది చూసుకోండి, అని నా చేతిలో పళ్ళెం వైపు చూపించాడు. అక్కడున్న అందరూ నా వైపు తిరిగారు. అంతమంది ఒకేసారి నా ముఖం చూడటం నా జీవితంలో అదే మొదలు.

నేను పళ్ళెం స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్ళాను. పారిపోతున్నాననే అందరూ అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాళ్ళు బల్ల దగ్గర ఆగాయి. సొరుగులోంచి పని పుస్తకం తీసి, ఆ పేజీలో వేలు పెట్టి, బయటకొచ్చి పెద్దాయన చేతికిచ్చాను. ఆయన చదువుకుంటారు, నేను వెనక్కి వెళ్ళి గోడ పక్కన నిలబడతాను, అంతవరకే నా లెక్క. ఆయన పుస్తకాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, తిరిగి నా చేతిలోనే పెట్టారు.

“అద్దాలు ఇంట్లో ఉండిపోయినయ్. నువ్వే చదువమ్మా. గట్టిగా.”

చదివాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మేస్త్రి చెప్పిన వాక్యం చదివాను, ఆయన సంతకం ఉందని చదివాను. వాళ్ళలో వాళ్ళు రాసుకుంటారండీ, నేను అసలు చూడలేదు, అని యజమాని మధ్యలో అందుకున్నాడు. అప్పటికే నేను కింద లైను మొదలుపెట్టేశాను. ఇది సార్ చదివారు. ఆల్బమ్‌లో వద్దన్నారు. రాయలేదు.

నాదస్వరం వాళ్ళు కూడా ఊదడం ఆపారు. యజమాని ఇక ముహూర్తం వైపు తిరిగాడు. తానేం చేయగలడు, పంతులు గారు నేల తగలకూడదన్నారు కదా, అన్నాడు. హారతి పళ్ళెంతో నిలబడిన పంతులు గారు అమాయకంగా చూశారు. బయల్దేరే సమయం పదిన్నర అని మాత్రమే తాను చెప్పానని, చక్రాల మాట తన నోట రాలేదని, అయినా చక్రాలు నేల మీద ఉండటానికే కదా చేస్తారని ఆయన అన్నారు. అప్పుడు మాకందరికీ అర్థమైంది. ఆ నియమం ఏ పంచాంగంలోనిదీ కాదు. వీడియో కోసం యజమాని పెట్టిన నియమం. మూడు నెలలు మేమంతా ఒక ఫోను మీద భక్తితో పని చేశాం.

పదిన్నర కావస్తోంది. జాకీ పెడతానన్నాడు మేస్త్రి. పెద్దాయన వద్దన్నారు. ఎక్కడం ఎలాగూ ఎక్కాం, దిగడం తర్వాత చూద్దాం, పోనివ్వండి, అన్నారు. డోర్లు పట్టేసిన కారులోనే కుటుంబం ఐదుగురూ మెయిన్ రోడ్డంతా ఊరేగి వచ్చారు. షావుకారు గారు దారి పొడవునా నమస్కారాలు పెడుతూనే ఉన్నారట. తిరిగొచ్చాక మేస్త్రి నడుం కింద జాకీ పెట్టి తిప్పాడు. నాలుగు డోర్లూ వాటంతటవే వచ్చాయి.

మర్నాడు యజమాని నన్ను పిలిచి, నాకు ఈ వాతావరణం సరిపడదని చెప్పాడు. రెండేళ్ళలో ఆయన అన్న ఒకే ఒక్క నిజం అది. బోల్టుల కవర్లన్నీ వరసగా పెట్టి వచ్చేశాను.

కారుని షావుకారు గారు తమ మిల్లు ఆవరణకు తీసుకుపోయారు. మేస్త్రి అక్కడ గడపలు కోసేసి, కారు చక్రాల మీద ఉండగా, ఐదు సీట్లలో ఐదు బియ్యం బస్తాలు వేసి మళ్ళీ అతికాడు. రాయడానికి మనిషి కావాలంటే నేనూ వెళ్ళాను. పన్నెండో రోజు బస్తాలు దించి పెద్దాయనను కూర్చోబెట్టారు. ఆయన ఒక్క వేలితో డోరు తెరిచి, దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగారు. షావుకారు గారు మేస్త్రి వైపు తిరిగి, మాటిచ్చాను కదా, సోమవారం నుంచి ఐటీఐకి వచ్చేయ్, అన్నారు. ఆ ఇచ్చిన మాటను ఊరేగింపు రోజు అందరి ముందూ తానే వెనక్కి తీసుకున్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. గొప్పవాళ్ళకు మతిమరుపు ఎంత చక్కగా, ఎంత సమయానికి వస్తుందో నేను అప్పుడే చూశాను. మేస్త్రి తలొంచుకుని అలాగేనండి అన్నాడు. ఆయనకు కావలసింది నిలబడి చేసే పని. క్షమాపణ కాదు.

మా యజమానికి ఏమీ కాలేదు. మీకు అదీ తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆ వీడియో జనం బాగా చూశారు. అందులో నిమ్మకాయలు చితికిన వెంటనే కారు మెయిన్ రోడ్డు మీద ఉంటుంది.

నేనిప్పుడు విస్సన్నపేటలో ఒక విత్తనాల షాపులో పని చేస్తున్నాను. మొన్న షేర్ ఆటోలో మేస్త్రి కలిశాడు, ఇస్త్రీ చొక్కాలో. కొంతదూరం వెళ్ళాక నెమ్మదిగా అడిగాడు.

“ఆ కింద లైను ఎందుకు చదివావమ్మా? పై లైనుతో ఆపితే నీ ఉద్యోగం ఉండేది.”

పై లైనుతో ఆపి ఉంటే ఆయనకు ఈ ఉద్యోగం ఉండేది కాదు. అది ఇద్దరికీ తెలుసు. ధైర్యంగా ఏదైనా చెబుదామని చూశాను. అబద్ధం నోటికి రాలేదు.

“పేజీ మొదలుపెడితే చివరిదాకా చదువుతానండి. మధ్యలో ఆపడం అలవాటు లేదు.”

ఆయన చాలాసేపు నవ్వాడు. ఐటీఐ దగ్గర ఆటో ఆగితే కడ్డీ పట్టుకుని మెల్లగా దిగి, మోకాళ్ళు సర్దుకుని, వెనక్కి చూడకుండా గేటులోకి నడిచాడు. నేను చేసింది ధైర్యమని ఆయన అనుకోనందుకు నాకు చాలా హాయిగా అనిపించింది. మీరూ అనుకోకండి.